ప్రకటనల్లో హార్స్‌పవర్ సరే, యంత్రం బరువెంత?

సంపాదకులకు నమస్కారం.

సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం ఉన్నందువల్ల కావచ్చు, కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాల్లో లోహపు పని తెలిసినవారికి కొదవలేదు. వారిలో కొందరు, ముఖ్యంగా ఉద్యోగ విరమణ చేసినవారూ ఐటీఐ పూర్తిచేసిన కుర్రవాళ్లూ, ఇంటి షెడ్డులో బల్లమీద అమరే చిన్న మిల్లింగ్ మెషీన్ (తిరిగే కట్టరుతో లోహాన్ని చెక్కే యంత్రం) పెట్టుకోవాలని నన్ను సలహా అడుగుతుంటారు. వారు తెచ్చే కరపత్రాల్లో మోటారు హార్స్‌పవరూ నిమిషానికి తిరిగే గరిష్ఠ చుట్లూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. యంత్రం బరువు, కాలమ్ (హెడ్డును మోసే నిలువు స్తంభం) ఆకారం, స్పిండిల్ (కట్టరును తిప్పే ఇరుసు) టేపరు, అంటే పనిముట్టు కూర్చునే శంకు ఆకారపు రంధ్రం రకం, మాత్రం ఎంత వెతికినా కనిపించవు. కొనేవారికి ముందుగా తెలియవలసినవి ఈ మూడే.

కట్టరు ఉక్కును కోసేటప్పుడు పుట్టే అదురును ఆపేది పోత ఇనుము బరువే తప్ప మోటారు కాదు. 50, 60 కిలోల యంత్రం ఇత్తడికీ అల్యూమినియానికీ చాలుతుంది గాని, ఉక్కు మీద తరచు పని ఉన్నవారు 150 కిలోలకు తక్కువైనదాన్ని చూడకపోవడమే మేలు. వేగం సంగతి చెప్పాలంటే, 10 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) ఎండ్ మిల్ అనే కట్టరుతో మైల్డ్ స్టీల్‌ను కోయడానికి నిమిషానికి 800 చుట్లు సరిపోతాయి. గుండ్రటి కాలమ్ ఉన్న యంత్రంలో పనిముట్టు మార్చడానికి హెడ్డును (మోటారూ స్పిండిలూ ఉండే పైభాగాన్ని) పైకి లేపితే అది పక్కకు తిరిగి, అంతవరకు కుదుర్చుకున్న కేంద్రం చెదిరిపోతుంది కనుక, డవ్‌టెయిల్ కాలమ్ (హెడ్డు గాడిలో తిరగకుండా నేరుగా జారేది) ఉన్నదే తీసుకోవాలి. టేపరు రకాల్లో మోర్స్ 3 కంటే ఆర్8 నాకు నచ్చుతుంది. మోర్స్ టేపరు బిగుసుకుపోయి, విప్పిన ప్రతిసారీ డ్రాబార్ (పనిముట్టును పైనుంచి లాగి బిగించే పొడవాటి బోల్టు) మీద సుత్తి దెబ్బ అడుగుతుంది, ఆ దెబ్బ బేరింగుల దాకా పోతుంది.

యంత్రానికి రూపాయి పెట్టేవారు వైసు (పనిముక్కను పట్టే దవడల బిగింపు), కొల్లెట్లు (కట్టరును పట్టేవి), క్లాంపులు, కట్టర్లు, డయల్ గేజీల (సూక్ష్మ తేడాలను ముల్లుతో చూపేవి) కోసం అర్ధరూపాయి విడిగా ఉంచుకోవాలి. డ్రిల్ చక్ ఉంది కదా అని అందులో ఎండ్ మిల్ బిగించేవారిని చూశాను. పక్కనుంచి పడే ఒత్తిడికి చక్ టేపరు వదులై ఊడిరావచ్చు. విశాఖపట్నంలో కొని ఒడిశాకు తెస్తే పన్ను ఎక్కువ పడుతుందన్న అపోహ ఒకటి ఇక్కడ ఉంది. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకు (కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలకు) బదులు ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర జీఎస్టీ) పడుతుందే గాని రేటు మారదు. సరుకు విలువ రూ. 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) లేకుండా లారీ ఎక్కించనివ్వకూడదు.

ఇంటికి చేరిన యంత్రాన్ని చెక్కబల్ల మీద కాక, నేలకు బోల్టులతో బిగించిన ఇనుప స్టాండు మీద నిలపాలి. మనుషులతో మోయించే కంటే చైన్ పుల్లీ వాడటం, లేదా హెడ్డు విడదీసి ఎత్తడం క్షేమం. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజును కిరసనాయిలుతో కడిగి, వెంటనే నూనె రాయాలి. మన కొండల పొగమంచుకు పొడి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. మోటారు సింగిల్ ఫేజ్‌దే అయినా సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టవలసింది హెడ్డును యంత్రపు బల్లకు సరిగ్గా నిలువు చేయడం మీద. స్పిండిల్‌కు డయల్ గేజీ తగిలించి, ఆ బల్లమీద 200 మి.మీ. వ్యాసంతో చేత్తో తిప్పుతూ కుడి, ఎడమ, ముందు, వెనుక రీడింగులు పోల్చి చూడాలి. కుడి ఎడమల తేడాను హెడ్డు బోల్టులు సడలించి సర్దవచ్చు. ముందు వెనుకల తేడాకు కాలమ్ అడుగున షిమ్‌లు (పలచటి లోహపు రేకులు) పెట్టాల్సి వస్తుంది. ఈ తేడా 0.02 మి.మీ. లోపు వస్తే ఇంటి పనికి చాలు. అది కుదరకపోతే ఫేసింగ్ చేసిన (పైతలం చదును చేసిన) ప్రతి జాబ్ మీదా మెట్లు తేలతాయి. తరువాతే వైసు స్థిర దవడను, బల్లను కదుపుతూ, అదే గేజీతో ఆ కదలికకు సమాంతరం చేసుకోవాలి.

అందువల్ల అమ్మకందారులు బరువు, టేపరు, కాలమ్ రకాన్ని ప్రకటనల్లోనే అచ్చువేయాలని, కొలిచిన అంకెలతో కూడిన టెస్ట్ చార్ట్‌ను ప్రతి యంత్రంతోపాటు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ చార్టు చూపనివారికి నేనైతే బయానా ఇవ్వను.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెషినిస్టు
సునాబెడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా