ఆపద వచ్చాక లెక్కలు మొదలుపెట్టలేం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను లెక్కల మాస్టారిని. నిధులకు కటకట వచ్చినప్పుడల్లా ముందు కోత పడేది శుద్ధ గణితానికే. "దీనివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేదేముంది, అవసరం వస్తే అదే పుట్టుకొస్తుంది" అంటారు. కష్టకాలమే మేధావుల్ని తయారుచేస్తుందని న్యూటన్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. 1665లో ప్లేగు భయంతో కేంబ్రిడ్జి మూతపడితే అతను సొంతూరు వూల్స్‌థార్ప్ చేరి కలన గణితానికి పునాది వేసిన మాట నిజమే. అయితే అంతకు ముందు ఏడాదే డెకార్ట్ జ్యామితిని, వాలిస్ పుస్తకాలను పట్టుబట్టి చదివేశాడు. ప్లేగు అతనికి తీరిక ఇచ్చింది, అంతే. చదువు మాత్రం తలుపులు తెరిచి ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చింది.

ఆపదలు గణితాన్ని ముందుకు తోయలేదని నేను అనను. మశూచికి టీకా వేయించడం మంచిదా కాదా అని జనం తగువులాడుకుంటున్నప్పుడు, 1760లో డేనియల్ బెర్నూలీ అనే గణితవేత్త ఆ తగువును సమీకరణాల్లోకి దించాడు. మశూచి బెడద లేకపోతే సగటు ఆయుర్దాయం సుమారు 3 ఏళ్లు పెరుగుతుందని తేల్చాడు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. కట్టలు ఎంత ఎత్తు కట్టాలి? ఎంత కట్టినా అంతకు మించిన అల ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. కట్ట పెంచడానికయ్యే ఖర్చును, వరద వస్తే జరిగే నష్టాన్ని సంభావ్యతతో కలిపి తూచే పద్ధతిని వాన్ డాంట్‌జిగ్ అనే గణితవేత్త చూపించాడు. ఇలాంటి ప్రశ్నలు ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఎవరికీ తట్టవు.

ప్రశ్నను ఆపద తెస్తుంది, సరే. జవాబుకు కావలసిన సరంజామా మాత్రం ముందే ఇంట్లో ఉండాలి. దీనికి పోలండ్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1929లో, అంటే రెండో ప్రపంచ యుద్ధానికి పదేళ్ల ముందు, పోలండ్ సైన్యం పోజ్నాన్ విశ్వవిద్యాలయంలోని గణిత విద్యార్థులకు రహస్య లిపుల మీద ఒక కోర్సు పెట్టింది. అందులో కూర్చున్న మరియన్ రెజెవ్‌స్కీ 1932 చివర్లో, ఫ్రెంచి గూఢచారి శాఖ సంపాదించి ఇచ్చిన కొన్ని పత్రాల సాయంతో, జర్మన్లు రహస్య సందేశాలకు వాడిన ఎనిగ్మా యంత్రం లోపలి తీగల అమరికను కాగితం మీదే రాబట్టాడు. వాడింది ప్రస్తారాల సిద్ధాంతం, అంటే వస్తువుల వరుసను తారుమారు చేసే పద్ధతుల గణితం. సమీకరణాల మూలాల గురించి ఆలోచిస్తూ అంతకు నూరేళ్ల ముందు కోషీ, గాల్వా వంటివారు పెంచిన గణితం అది. వాళ్లలో ఎవరికీ గూఢలిపి యంత్రం ఊహలో కూడా లేదు. ఆ కోర్సు పెట్టిన అధికారుల పేర్లు నాకు గుర్తుండవు గానీ, తరగతిలో ఈ కథ చెప్పిన ప్రతిసారీ వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను.

కష్టకాలం మేధావుల్ని మింగేస్తుంది కూడా. 1933లో జర్మనీలోని గొట్టింగెన్ నుంచి ఎమ్మీ నోథర్ వంటి గణితవేత్తలను నాజీలు వెళ్లగొట్టాక, ప్రపంచ గణితానికి రాజధానిలాంటి ఆ ఊరు ఒక్క ఏడాదిలో వెలవెలబోయింది. వోల్ఫ్‌గాంగ్ డోబ్లిన్ అనే యువ గణితవేత్త సంగతి చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫ్రెంచి సైన్యంలో మామూలు సిపాయి. 1939-40 చలికాలంలో రాత్రిళ్లు ఒక బడి నోటుబుక్కులో యాదృచ్ఛిక చలనాల (ఎటు పోతాయో ముందే చెప్పలేని కదలికల) మీద సిద్ధాంతం రాసుకున్నాడు. 1940 ఫిబ్రవరిలో దాన్ని సీలు వేసిన కవరులో పారిస్ అకాడమీకి పంపాడు. జూన్‌లో శత్రువుకు చిక్కడం ఖాయమని తెలిసి ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి 25 ఏళ్లు. ఆ కవరు విప్పింది 2000లో. ఈలోగా జపాన్‌లో కియోషి ఇటో విడిగా ఆ దారి వేశాడు కాబట్టి సరిపోయింది. కష్టకాలం మంచి గురువు అనేవాళ్లు ఈ నోటుబుక్కును ఒక్కసారి తలుచుకోవాలి.

ఇక నా తరగతి సంగతి. కొవిడ్ రోజుల్లో పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా "వందే కదా కేసులు" అనడం విన్నాను. 3 రోజులకోసారి రెట్టింపయితే ఆ వంద నెల తిరిగేసరికి 1,02,400. బడి తెరిచాక పిల్లల చేత బోర్డు మీద ఇంకో లెక్క చేయించాను. ఒక రోగి నలుగురికి అంటిస్తాడనుకుందాం. ఆ నలుగురిలో ముగ్గురికి ముందే రక్షణ ఉంటే? "ఒక్కడికే వస్తుంది సార్, ఇక పెరగదు" అంది వెనక బెంచీ అమ్మాయి. అంటే నాలుగింట మూడు వంతుల మందికి రక్షణ చాలు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పత్రంలో అవకలన సమీకరణాలతో చూపిన, అంటువ్యాధి పెరగకుండా ఆగే హద్దు సారాంశం ఇదే. తమ సూత్రాన్ని వాళ్లు సరిచూసుకున్నది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాల లెక్కతో. 2020లో ప్రభుత్వాలు వాడిన నమూనాల్లో చాలావాటికి మూలం ఆ పత్రమే.

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. పొదుపు పేరుతో గణిత అధ్యాపకుల ఖాళీలను ఏళ్ల తరబడి నింపకుండా వదిలేయకండి. ఏ పరిశోధనకైనా నిధులిచ్చే ముందు "దీని ఉపయోగం ఏమిటి" అనే గడిని దరఖాస్తులో మొదటి ప్రశ్నగా పెట్టకండి. పాఠ్యపుస్తకాలు తిరగరాసేటప్పుడు, భిన్నాల అధ్యాయం చివర ఆ నలుగురి లెక్కకు ఒక పేజీ కేటాయించండి. ఆ పేజీ రాసిమ్మంటే సంతోషంగా రాసిస్తాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు