ఐదు నెలలు మీకు ‘స్టాక్ లేదు’ అన్నాను, అది అబద్ధం

మా షాపుకు వచ్చే అందరికీ నమస్కారం.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర సందులో 11 ఏళ్లుగా గేమ్ డిస్కులు, కంట్రోలర్లు, ఆన్‌లైన్ గేమ్ స్టోర్ల గిఫ్ట్ కార్డులు అమ్ముతున్నాను. మార్చి నుంచి జూలై దాకా ఒక స్టోర్ కార్డు అడిగిన ప్రతివాళ్లకీ ‘స్టాక్ లేదు, వచ్చే వారం చూద్దాం’ అని చెప్పాను. దొరక్క కాదు, నేనే తెప్పించడం మానేశాను.

ఫిబ్రవరి చివర్లో ఒక డిస్ట్రిబ్యూటర్ వచ్చాడు. 1,000 రూపాయల కార్డు మీద మామూలుగా నాకు మిగిలేది 20 రూపాయలు. తన కార్డు ఒక్కటే అమ్మితే 45 ఇస్తానన్నాడు. ముందే 60,000 అడ్వాన్సు, పైగా షాపుకు కొత్త లైట్ బోర్డు. షరతు ఒకటే, పోటీ స్టోర్ కార్డు కౌంటర్ మీద కనిపించకూడదు. అప్పటికి రెండు నెలల అద్దె బాకీ ఉన్నాను. సంతకం పెట్టేశాను. ఆయన మోసం చేయలేదు, కాగితం మీద రాసిందే చేశాడు. మీకు అబద్ధం చెప్పింది నేను.

2019లో మెట్రో ఎక్సోడస్ అనే గేమ్‌ను దాని కంపెనీవాళ్లు విడుదలకు రెండున్నర వారాల ముందు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో అమ్మడం ఆపేసి, ఏడాది పాటు పోటీ స్టోర్ ఎపిక్‌కు ఇచ్చినప్పుడు ఇదే కౌంటర్ దగ్గర మీతో కలిసి తిట్టినవాణ్ని. డబ్బుకు అమ్ముడుపోయారు అన్నాను. సంతకం పెట్టిన రోజు రాత్రి అదే గుర్తొచ్చింది.

ఆ గేమ్ కంపెనీల లెక్క ఇప్పుడు నాకు అర్థమవుతుంది. స్టీమ్ అమ్మకంలో 30 శాతం తీసుకుంటుంది. ఒక గేమ్ అమ్మకాలు కోటి డాలర్లు దాటితే ఆపైన 25, 5 కోట్లు దాటితే 20. చిన్న స్టూడియోలు ఆ మెట్టు దాకా ఎక్కేది ఎక్కడ? 2018 డిసెంబర్‌లో ఎపిక్ స్టోర్ 12 శాతానికే దుకాణం తెరిచింది. దానికి తోడు, అమ్ముడైనా కాకపోయినా ఇంత ఇస్తాం అని ముందే మాట ఇచ్చింది. కంట్రోల్ గేమ్‌కు అలా ముట్టింది దాదాపు 95 లక్షల యూరోలు. నెలనెలా జీతాలు ఇవ్వాల్సినవాడికి ఆ మాట ఎంత ధైర్యమో, అద్దె బాకీ ఉన్న నాకు తెలుసు.

పోటీ వల్ల మంచి కూడా జరిగింది. ఆ మెట్రో గేమ్ ధర అమెరికాలో 60 డాలర్ల నుంచి 50కి దిగింది. ఎపిక్ ఇచ్చే ఫ్రీ గేమ్‌లతోనే మీలో సగం మంది లైబ్రరీలు నిండాయి. 2020 మేలో జీటీఏ 5 ఫ్రీగా ఇచ్చిన రోజు సైట్ తెరుచుకోక ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందా? కమీషన్ తగ్గించి, ధర తగ్గించి గెలిస్తే శభాష్ అంటాను. పక్క దుకాణంలో సరుకు దొరక్కుండా చేసి గెలవడం మాత్రం నాకు మింగుడు పడదు. ఫ్రెండ్స్ ఒక స్టోర్‌లో, గేమ్ ఇంకో స్టోర్‌లో ఉంటే ఇబ్బంది పడేది ఆడేవాడే. ఎపిక్‌లో షాపింగ్ కార్ట్ రావడానికే 2021 డిసెంబర్ అయింది, అయినా కొన్ని గేమ్‌ల కోసం అక్కడికే వెళ్లాల్సి వచ్చింది.

నా కౌంటర్ మీద ఆ ఇబ్బంది జూన్‌లో కళ్లారా చూశాను. మల్కాజిగిరి నుంచి ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. చేతిలో చెమటకు మెత్తబడిన రెండు 500 నోట్లు. ఫలానా కార్డు కావాలన్నాడు. అది లేదు, ఇది తీసుకో, రెండూ ఒకటే అన్నాను. రెండో రోజు మళ్లీ వచ్చాడు. ‘అన్నా, నా గేమ్ ఇందులో లేదు’ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కార్డు గీకేశాడు, కోడ్ ఎక్కించేశాడు, ఇక వెనక్కి తీసుకునే దారి లేదు. నేనేం చెప్పానో తెలుసా? కొనేముందు చూసుకోవాలి కదా అన్నాను.

ఆగస్టులో ఒప్పందం వదిలేశాను. అడ్వాన్సులో మిగిలింది మూడు వాయిదాల్లో కడుతున్నాను. బోర్డు విప్పుకుని తీసుకెళ్లారు, అందుకే షాపు మీద ఇప్పుడు ఫ్లెక్సీ కనిపిస్తోంది. ఈ భారం వల్ల డిస్క్ ఎక్స్ఛేంజ్ ఛార్జీ 100 నుంచి 150 చేయక తప్పలేదు.

అన్ని స్టోర్ల కార్డులూ మళ్లీ వచ్చాయి. ఇకపై ముందు గేమ్ పేరు చెప్పండి. ఏ స్టోర్‌లో ఉందో మీ ముందే ఫోన్‌లో చూసి, అప్పుడే కార్డు ఇస్తాం. ఆ ఐదు నెలల్లో నా మాట విని వేరే కార్డు కొన్నవాళ్లు బిల్లు తెండి, లేకపోతే ఫోన్‌లో కోడ్ ఎక్కించిన మెసేజ్ చూపించినా చాలు. గీకని కార్డుకు డబ్బు వాపసు. గీకేసిన దానికి, మీరు మొదట అడిగిన కార్డే అదే విలువకు ఇస్తాను.

మల్కాజిగిరి తమ్ముడూ, నీ పేరు అడగలేదు. 1,000 రూపాయల కార్డు కవర్‌లో పెట్టి క్యాష్ డ్రాలో ఉంచాను. నేను లేకపోయినా మా అబ్బాయికి చెప్పాను, ఇస్తాడు.