పీఎఫ్ తేదీ మనమే వేసుకోవచ్చు

సంపాదకుడు గారికి,

నాచారంలో ఓ చిన్న కంపెనీలో ఆరేళ్లు చేసి నిరుడు మానేశాను. పీఎఫ్ తీసుకుందామంటే పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్ఓ) పోర్టల్‌లో ఉద్యోగం మానేసిన తేదీ ఖాళీ. అది వేయమని అడిగితే ఆఫీసువాళ్లు 'రేపు చూస్తాం సార్' అంటూ మూడు నెలలు తిప్పి, చివరికి ఫోనెత్తడమే మానేశారు. ఇంట్లో ఒకటే టెన్షన్. మన ఖాతాలో కంపెనీ వేసిన ఆఖరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలు దాటితే ఆ తేదీని ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చని, 2020 నుంచే ఈ వీలుందని నెట్ సెంటర్ కుర్రాడు చెప్పేదాకా నాకు తెలియదు. 'మేనేజ్'లో 'మార్క్ ఎగ్జిట్' నొక్కితే పది నిమిషాల పని. కాకపోతే ఆఖరి జమ పడిన నెలలోని తేదీయే వేయాలి. తర్వాత పీఎఫ్ డబ్బుకి ఫారం 19, పెన్షన్ వాటాకి 10సీ ఆన్‌లైన్‌లోనే పెట్టాను, యజమాని సంతకం అక్కర్లేదు. ఈ ముక్క ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా తెలుగులో అంటించరాదా?

- ఒక పాఠకుడు, హైదరాబాద్