ఇమ్యునోథెరపీకి ముందు డాక్టరుకు చెప్పాల్సిన సంగతి

సంపాదకులకు నమస్కారం.

పేగుల్లోని బ్యాక్టీరియా క్యాన్సర్ చికిత్స ఫలితాన్ని మారుస్తుందన్న వార్తలు ఈ మధ్య పత్రికల్లో తరచుగా వస్తున్నాయి. వాటికి ఆధారాలు లేకపోలేదు. అయితే ఇలాంటి వార్త చదవగానే రోగి కుటుంబసభ్యులు మేలు చేస్తాయనే బ్యాక్టీరియాతో తయారైన ప్రోబయాటిక్ గుళికల కోసం పరుగెత్తడం, అంతకు నెల ముందు వాడిన యాంటీబయాటిక్ సంగతి మాత్రం డాక్టరుకు చెప్పకపోవడం జరుగుతోంది. ఇప్పటివరకు తేలిన విషయాలను బట్టి చూస్తే ఈ రెండింటిలో ఎక్కువ పట్టించుకోవలసింది రెండోదే. చాలా ఏళ్లు సూక్ష్మజీవశాస్త్రం బోధించినవాడిగా ఈ విషయాన్ని పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇమ్యునోథెరపీ అంటే మన రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స. అందులో ఎక్కువగా వాడే చెక్‌పాయింట్ మందులు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపవు. వ్యాధితో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టి కణాల మీద ఉండే పీడీ-1, సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్లు ఆ కణాల దూకుడుకు కళ్లెం వేస్తాయి. కణితి దాన్ని అడ్డుపెట్టుకుని తప్పించుకుంటుంది. మందు ఆ కళ్లేన్ని విప్పుతుంది. ఈ మార్గాన్ని చూపినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి దక్కింది. కళ్లెం విప్పినా టి కణాలు ముందే సన్నద్ధమై లేకపోతే మందు వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. వాటిని సన్నద్ధం చేసే పనిలో పేగుల్లోని బ్యాక్టీరియాకు వాటా ఉందన్నది గత దశాబ్దంలో బయటపడిన విషయం.

అది బయటపడిన తీరు ఆసక్తికరమైనది. 2015లో షికాగో విశ్వవిద్యాలయంలో థామస్ గాజెవ్‌స్కీ బృందం ఇద్దరు వేర్వేరు సరఫరాదారుల నుంచి తెచ్చిన ఎలుకలకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలు ఎక్కించింది. జన్యుపరంగా అవన్నీ ఒకే జాతివి. అయినా ఒక చోటి నుంచి వచ్చిన ఎలుకల్లో కణితి నెమ్మదిగా, రెండో చోటి వాటిలో వేగంగా పెరిగింది. కణాలు ఎక్కించక ముందే రెండు రకాలనూ ఒకే బోనులో కలిపి పెంచితే ఆ తేడా మాయమైంది. కలిసి ఉన్న ఎలుకలు ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి కాబట్టి బ్యాక్టీరియా అటూ ఇటూ మారిపోతుంది. మొదటి రకం ఎలుకల మలాన్ని రెండో రకం వాటికి నోటి ద్వారా ఇచ్చినా కణితి పెరుగుదల తగ్గింది. అందులో కీలకమైనవి బిఫిడోబ్యాక్టీరియా అని ఆ బృందం గుర్తించింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లారెన్స్ జిట్వోగెల్ బృందం, పేగుల్లో సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో సీటీఎల్ఏ-4 మందు పనిచేయడం లేదని చూపింది.

మనుషుల దగ్గరకు వస్తే, 2018లో ఈ ఫ్రెంచ్ బృందమే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మూత్రమార్గ క్యాన్సర్లున్న 249 మంది వివరాలను పరిశీలించింది. పీడీ-1 తరహా మందు మొదలుపెట్టడానికి రెండు నెలల ముందు నుంచి, మొదలుపెట్టిన నెల తర్వాత వరకు ఏ దశలోనైనా యాంటీబయాటిక్ వాడినవారిలో వ్యాధి త్వరగా ముదిరింది, వారు తక్కువ కాలం బతికారు. 2019లో వచ్చిన మరో అధ్యయనంలో 196 మందిని పరిశీలించగా, చికిత్సకు ముందు 30 రోజుల్లో యాంటీబయాటిక్ తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం (సగం మంది బతికి ఉన్న కాలం) 2 నెలలు, తీసుకోనివారిది 26 నెలలుగా తేలింది. చికిత్స మొదలైన తర్వాత వాడినవారిలో అంత తేడా కనబడలేదు.

ఈ అంకెలను ఉన్నవున్నట్టుగా నమ్మి భయపడకూడదు. యాంటీబయాటిక్ అవసరమైనవారు అప్పటికే ఎక్కువ నీరసించి ఉండవచ్చు, ఆ తేడాలో కొంత భాగం దానిదే కావచ్చు. అయితే అంతా దానిదే అని కొట్టిపారేయడానికీ లేదు. యాంటీబయాటిక్ తర్వాత పేగుల్లో తిరిగి పెరిగే కొన్ని బ్యాక్టీరియా పిత్తామ్లాల (పిత్తరసంలోని ఆమ్లాల) తీరు మార్చడంతో, నిరోధక చర్యను అణచే కణాలు పేగుల్లోనే ఉండిపోకుండా కణితికి వలసపోతాయని 2023లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు చూపాయి. నిజమైన ఇన్ఫెక్షన్‌కు మందు మానేయమని నేను చెప్పడం లేదు. క్యాన్సర్ రోగికి ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం కావచ్చు. మామూలు జలుబుకూ దగ్గుకూ ఎవరో చెప్పారని మింగే మాత్రల గురించే నా బాధ. ఏ మందు, ఎప్పుడు, ఎన్ని రోజులు వాడారో చికిత్సకు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇక ప్రోబయాటిక్‌ల విషయం. మెలనోమా రోగుల ఆహారపు అలవాట్లను పరిశీలించిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. 128 మందిలో రోజుకు కనీసం 20 గ్రాముల పీచు తిన్నవారికి వ్యాధి అదుపులో ఉన్న కాలం ఎక్కువగా ఉంది. అదే అధ్యయనంలో, బజారులో దొరికే రకం ప్రోబయాటిక్ ఇచ్చిన ఎలుకల్లో ఇమ్యునోథెరపీ ఫలితం మెరుగుపడకపోగా తగ్గింది. యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ వేసుకుంటే మన సొంత బ్యాక్టీరియా కోలుకోవడం మరింత ఆలస్యమవుతుందని 2018లోనే ఆరోగ్యవంతులపై చేసిన పరిశోధన చూపింది. ఇందుకు భిన్నంగా, మూత్రపిండ క్యాన్సర్ రోగులు 30 మందిపై జరిగిన ఒక చిన్న ప్రయోగంలో క్లాస్ట్రిడియం బ్యుటిరికమ్ అనే బ్యాక్టీరియాకు చెందిన ఒక ప్రత్యేక రకాన్ని మందుతో కలిపి ఇస్తే మేలు కనిపించింది. అది ఆ ఒక్క రకానికి, ఆ మందుల జతకు సంబంధించిన ఫలితం. దాన్ని దుకాణంలో ఉన్న ప్రతి గుళికకూ అంటగట్టడం సరికాదు.

మల మార్పిడి ఫలితాలు ఇంకా ఆశ పుట్టించేవి. మందు పనిచేయని మెలనోమా రోగులకు, మందు బాగా పనిచేసిన వారి మలం నుంచి తీసిన బ్యాక్టీరియాను ఎక్కించి, మళ్లీ అదే తరహా మందు ఇస్తే, 2021లో ఇజ్రాయెల్‌లో 10 మందిలో ముగ్గురికి, అమెరికాలో 15 మందిలో ఆరుగురికి ప్రయోజనం కలిగింది. ఇవి చిన్న ప్రయోగాలు, పోల్చి చూడడానికి మరో జట్టు లేనివి. పైగా దాత మలంలో మందులకు లొంగని ఈ.కోలై ఉండటం వల్ల, వేరే జబ్బులకు ఈ చికిత్స పొందినవారిలో ఒకరు మరణించారని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2019లో హెచ్చరించింది. కాబట్టి ఇది ఇంట్లో చేసుకునే ప్రయోగం ఎంతమాత్రం కాదు.

మలపరీక్ష చేసి ‘మీకు ఇమ్యునోథెరపీ పనిచేస్తుందో లేదో చెబుతాం’ అనేవారి మాటలూ ఇప్పటికి నమ్మదగినవి కావు. ఒక అధ్యయనం అక్కర్మాన్సియా అనే బ్యాక్టీరియాను మేలు చేసేదిగా చూపితే, మరొకటి ఫీకలిబ్యాక్టీరియాన్ని, ఇంకొకటి బిఫిడోబ్యాక్టీరియాన్ని చూపింది. ఐరోపాలోని వేర్వేరు రోగి బృందాల వివరాలను ఒకచోట చేర్చి చూసిన 2022 నాటి విశ్లేషణలో, అన్ని బృందాలకూ వర్తించే ఒకే బ్యాక్టీరియా జాబితా దొరకలేదు.

పత్రికకు నా విన్నపం చిన్నదే. ఈ తరహా వార్త వేసేటప్పుడు ప్రయోగం ఎలుకలపై జరిగిందా, మనుషులపైనా, ఎంతమందిపై, పోల్చి చూసేందుకు చికిత్స లేని జట్టు ఉందా అన్న నాలుగు మాటలు మొదటి పేరాలోనే వేయండి. ప్రోబయాటిక్ ప్రకటన ఆ వార్త పక్కనే రాకుండా కూడా చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు