కూలి డబ్బు ఇచ్చాకే కొత్త సంవత్సరం ప్రార్థనకు

సంపాదకుల వారికి నమస్కారం.

డిసెంబరు 31 రాత్రి మా చర్చిలో ఆరాధన పదింటికి మొదలవుతుంది. పన్నెండు కాగానే గంట కొడతారు. తర్వాత వాగ్దానం కార్డులు పళ్లెంలో పెట్టి వరసల మధ్య తిప్పుతారు. ఎవరికి వచ్చిన వాక్యం వాళ్లు ఏడాదంతా బైబిల్లో దాచుకుంటారు. చిన్నప్పటి నుంచీ నాకెంతో ఇష్టమైన రాత్రి అది. దాని గురించే ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

మాది నర్సాపురం దగ్గర పల్లె. లేసు అల్లుతాను. మా పేటలో పద్నాలుగు మందికి దారం పంచి, అల్లిన ముక్కలు పెద్ద ఏజెంటుకు అప్పజెప్పి, డబ్బు తెచ్చి పంచే పని కూడా నాదే. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి ఈ డెల్టాలో సువార్త చెప్పిన బౌడెన్, బీర్ కుటుంబాల సంగతి మా అమ్మమ్మ సొంత చుట్టాల గురించి చెప్పినట్టు చెప్పేది. లేసు అల్లిక కూడా మాకు మిషనరీల వల్లే వచ్చింది. 2024లో మా లేసుకు జీఐ, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక వస్తువన్న గుర్తింపు దక్కిందని విన్నప్పుడు మా స్త్రీల కూడికలో స్తుతి చెల్లించాం.

నిరుడు డిసెంబరులో, నాకు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ నాలుగు గుండ్రటి ముక్కలు అల్లి ఇచ్చింది. ఆవిడ కంట్లో శుక్లం. కళ్లకు ఆనక, అల్లికలో గొలుసు కుట్లు వేలితో తడుముకుంటూ లెక్కపెట్టుకుంటుంది. 640 రూపాయలు రావాలి. క్రిస్మస్ ముందు అడిగితే "పై నుంచి డబ్బు రాలేదు పిన్నీ, పండగ వెళ్లాక ఇస్తాను" అన్నాను. నిజానికి సగం వచ్చింది. అది మా పిల్లల బట్టలకీ, పిండివంటలకీ అయిపోయింది.

ఆ రాత్రి నాకొచ్చిన కార్డు, దేవుడు నా అవసరాలన్నీ తీరుస్తాడని. చదువుకుని తలెత్తితే ముందు వరసలో చాప మీద పిన్ని. కార్డు కంటికి దగ్గరగా పెట్టుకుని, అక్షరాలు కనపడక పక్కనున్న పిల్లచేత చదివించుకుంటోంది. ఆవిడ అవసరం తీరే దారికి అడ్డంగా నేనే కూర్చున్నానని అప్పుడు తెలిసింది. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. పట్టి ఉంచిన కూలి మొర పెడుతుందని యాకోబు పత్రికలో ఉంది. కూడికలో ఈ రెండూ నేనే చదివి వినిపించాను!

తెల్లారగానే ఇంట్లో ఉన్నదీ, ఆడపడుచు దగ్గర బదులు తెచ్చిందీ కలిపి తీసుకెళ్లాను. పిన్ని పొయ్యి దగ్గరుంది. నోట్లు లెక్కపెట్టలేదు, కొంగున ముడేసుకుంది. "టీ తాగి వెళ్లవే" అంది. నాకు గొంతు దిగలేదు.

పాస్టరు గార్లకూ సంఘ పెద్దలకూ నా మనవి ఇదే. డిసెంబరు చివరి ఆదివారం, కొత్త ఏడాదికి దేవుడు మనకేమిస్తాడో చెప్పే ముందు, పాత ఏడాదిలో మనం ఎవరికి ఏం బాకీ ఉన్నామో అడగండి. అప్పటికి సార్వా వరి మాసూళ్లు అయి ఉంటాయి, రెండో పంట దాళ్వా ఊడుపులకు కూలీల్ని పిలుస్తుంటాం. కోతలకు వచ్చినవాళ్లకూ, రొయ్యల చెరువుల మీద రాత్రంతా కాపలా ఉన్నవాళ్లకూ ఇంకా ఇవ్వాల్సినవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. పండక్కి చర్చికి రంగులేసిన మేస్త్రీ డబ్బులు కూడా ఇందులోకే వస్తాయి. జక్కయ్య యేసుని సంతోషంగా ఇంట్లో చేర్చుకుని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. శిష్యరికం అంటే నాకు తెలిసింది అదే. ఉపవాస ప్రార్థనలు నేనూ చేస్తాను, వాటిని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ ఆ నిరుటి కార్డు ఇప్పుడు నా లెక్కల పుస్తకంలో, పిన్ని పేరున్న పేజీలో ఉంది.

ఈసారి 31 సాయంత్రం నాలుగింటికి మా అరుగు మీద ఆ పుస్తకం తెరిచి కూర్చుంటాను. ఇంకా ముగ్గురికి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక లేసు కార్మికురాలు,
నర్సాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా