గోడ మూయకముందే చిమ్నీ పైపు సరిచేయాలని కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సర్వీసు మేనేజర్ గారికి,

విషయం: ఇంటి రీమోడలింగ్‌లో కట్టెల ఫైర్‌ప్లేస్‌కు అమర్చిన చిమ్నీ పైపులో లోపాలు

నమస్కారం.

మా ఇంటి హాలు పెంచి, అందులో కట్టెలతో మండే ఫైర్‌ప్లేస్ పెట్టే పని మీ కంపెనీకి ఇచ్చాం. పైపు నిలబెట్టడం అయిపోయిందని, ఇక చుట్టూ బోర్డులు కొట్టి మూసేస్తామని మీ పనివాళ్లు అంటున్నారు. ముందు ఆ పని ఆపించండి. ఒకసారి మూశాక లోపల ఏముందో మళ్లీ ఎవరూ చూడలేరు.

అన్నిటికన్నా భయపెడుతున్నది అటకలోని పరిస్థితి. పైపుతో పాటు వచ్చిన పుస్తకం చూశాను. పైపు చుట్టూ అన్ని వైపులా 2 అంగుళాలు ఖాళీ ఉండాలని, ఆ ఖాళీలో ఇన్సులేషన్‌తో సహా ఏదీ నింపకూడదని అందులో స్పష్టంగా ఉంది. మీ వాళ్లు గ్లాస్‌వుల్ ఇన్సులేషన్‌ను పైపుకు ఆనించి కూరారు. దాన్ని దూరంగా ఉంచడానికి అటకలో బిగించాల్సిన రేకు కవచం అసలు పెట్టలేదు. సీలింగ్ దాటే చోట ఒక వాసం పైపుకు వేలి వెడల్పు దూరంలోనే ఉంది. అడిగితే మీ సూపర్‌వైజర్, "పైపు లోపలే ఇన్సులేషన్ ఉంది కదండీ, ఏమీ కాదు" అన్నారు.

ఆ మాట తప్పు. లోపల ఇన్సులేషన్ ఉన్నా పైపు పైపొర వేడెక్కుతూనే ఉంటుంది. ఆ వేడి బయటకు పోయేది చుట్టూ ఉన్న గాలి ఖాళీలోంచే. అక్కడ ఇన్సులేషన్ కూరితే వేడి పోవడానికి దారి ఉండదు, పక్కనున్న కొయ్యకు చేరుతుంది. ఏళ్ల తరబడి అలా వేడి తగిలిన కొయ్య లోలోపల మారిపోతుంది. కొత్త కొయ్య అంటుకోవడానికి కావలసిన దానికన్నా చాలా తక్కువ వేడికే అది అంటుకోగలదు. అంటే మొదటి చలికాలం ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోవచ్చు. ప్రమాదం ఎప్పుడో, మీ మనుషులు ఎవరూ ఇక్కడ లేనప్పుడు వస్తుంది. పైపు మీద యూఎల్ 103 హెచ్‌టీ అనే భద్రతా పరీక్ష ముద్ర ఉంది. లోపల పేరుకున్న మసి అంటుకున్నప్పుడు పుట్టే 2100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిని కాసేపు తట్టుకుంటుందని పరీక్షించారని దాని అర్థం. కానీ ఆ పరీక్ష ఫలితం పుస్తకంలో చెప్పినట్టు ఖాళీ వదిలి బిగించిన పైపుకే వర్తిస్తుంది. ఇప్పుడున్న తీరులో ఆ ముద్ర మాకు ఏ భరోసా ఇవ్వదు.

ఇదంతా ప్లానింగ్ దగ్గర మొదలైన తప్పు. హాల్లో ఎక్కడ అందంగా ఉంటుందో చూసి ఫైర్‌బాక్స్ (కట్టెలు మండే పెట్టె) బిగించారు, దాని నెత్తిన ఏముందో చూడలేదు. పైపు పైకి వెళ్లేసరికి దూలం అడ్డొచ్చింది. అప్పుడు ఎల్బోలు (వంపు ముక్కలు) వేసి పైపును పక్కకు తిప్పారు. ఏటవాలుగా వెళ్లే ఆ ముక్కకు ఆధారంగా ఒక్క పట్టీ కూడా లేదు. పైపు ఎంత నిటారుగా ఉంటే పొగ అంత బాగా లాగుతుంది. వంపు దగ్గర పొగ నెమ్మదించి, చల్లబడి, తారులాంటి మసి పేరుకుంటుంది. పైపు శుభ్రం చేసే బ్రష్ కూడా అక్కడే ఇరుక్కుంటుంది. ఫైర్‌బాక్స్ బిగించే ముందు ఒక మనిషి అటక ఎక్కి, కొలత వేసి, తూకపు గుండు కిందికి వదిలి ఉంటే దాన్ని ఒక అడుగు పక్కకు జరపడంతో సరిపోయేది. పైపుకు చోటు కోసం ఒక వాసానికి గాటు కూడా పెట్టారు. దానికి అడ్డకర్రలు వేసి బరువు పక్క వాసాల మీదికి మార్చలేదు.

మధ్యలో ఒక ముక్క వేరే కంపెనీది. లాకు సరిగ్గా పడక స్క్రూలు బిగించి, సీలెంట్ పూశారు. ఇలాంటి పైపులను ఒకే తయారీదారు భాగాలన్నీ కలిపి పరీక్షిస్తారు కాబట్టి కలగలిపి వాడకూడదు. దీని మీద చర్చకు తావు లేదు, మార్చాల్సిందే.

కప్పు పైన పైపు 3 అడుగులు లేచింది, అంతవరకు బాగానే ఉంది. కానీ 10 అడుగుల దూరంలోపు ఉన్న దేనికన్నా కనీసం 2 అడుగులు ఎత్తుగా కూడా ఉండాలి. ఇంటి నడికొప్పు ఆ దూరంలోపే ఉంది, పైపు దానికన్నా కిందికే ఆగింది. కొప్పు దాటి వచ్చే గాలి పొగను వెనక్కి, గదిలోకి తోస్తుంది. ఎత్తు పెంచాక కప్పు మీద పైపు 5 అడుగులు దాటితే ఊతకడ్డీలు కూడా బిగించాలి.

న్యాయంగా చెప్పాలంటే పైపు వ్యాసం ఫైర్‌ప్లేస్‌కు తగినదే తెచ్చారు. కప్పు మీద పైపు చుట్టూ నీరు దిగకుండా వేసే రేకు (ఫ్లాషింగ్) పని కూడా శుభ్రంగా చేశారు, వాన నీరు కారలేదు. ఆ పని చేసిన వాళ్లకు మిగతాది సరిగ్గా చేయడం చేతకాదని నేను అనుకోను. వాళ్లకు సరైన డ్రాయింగ్ ఇవ్వలేదనే నా ఫిర్యాదు.

కాబట్టి ఫైర్‌బాక్స్ నుంచి పైమూత దాకా పైపు వెళ్లే దారి, ప్రతి అంతస్తు దగ్గర వదిలే ఖాళీ, ఆధారాలు, కప్పు పైన ఎత్తు చూపే నిలువుకోత డ్రాయింగ్ ముందు మాకు ఇవ్వండి. దాని ప్రకారం ఫైర్‌బాక్స్ జరపాల్సి వస్తే మీ ఖర్చుతోనే జరపండి. గ్లాస్‌వుల్ తీసేసి కవచం, సీలింగ్ దగ్గర మంట పైకి పాకకుండా ఆపే ఫైర్‌స్టాప్ పెట్టండి. గాటు పెట్టిన వాసాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పినట్టు బాగుచేయించండి. ఇవన్నీ అయ్యాక, మూయకముందే, మీతో సంబంధం లేని చిమ్నీ ఇన్‌స్పెక్టరు చూసి రాసి ఇవ్వాలి. అప్పటిదాకా చివరి విడత డబ్బు చెల్లించం, ఫైర్‌ప్లేస్‌లో ఒక్క పుల్ల కూడా వెలిగించం.

ఈ లేఖ అందిన 10 రోజుల్లోగా మీ జవాబు రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో ఇచ్చే హామీలు వద్దు. జవాబు రాకపోతే భవన తనిఖీ అధికారులకు, వినియోగదారుల కమిషన్‌కు ఇదే లేఖ పంపుతాం.

అటకలో, కప్పు మీద తీసిన ఫొటోలు, పుస్తకంలోని సంబంధిత పేజీలు జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్, ఇంటి యజమాని