ఫిలిప్పీన్స్‌లోని దవావోలో కథలు చెబుతున్న నా కూతురికి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పినా అనే పిల్ల పైనాపిల్‌గా మారిపోయే కథ చెప్పి, బొమ్మల కార్డులు కథ జరిగిన వరసలో పెట్టమంటే సగం మంది పైనాపిల్ మొక్క బొమ్మే ముందు పెట్టారని టెన్షన్ పడకు. ఆ కథలో వాళ్ళకి బాగా నచ్చింది అదే, అందుకే ముందు దాని మీద చెయ్యి పడింది. మూడో క్లాసు పిల్లలు ఎక్కడైనా అంతే, నా స్కూల్లోనూ అంతే. కథ అర్థమయ్యే ఉంటుంది, ఏ వరస అడుగుతున్నావో తెలియక అలా పెడతారు.

1, 2, 3, 4 అని అంకెలు వేయించడం కొన్నాళ్ళు పక్కన పెట్టు. అంకెలు పక్కవాడి కాగితం చూసి కూడా వేసేస్తారు. దాని బదులు చివరి కార్డు చేతిలో పట్టుకుని, ఇది జరగాలంటే అంతకుముందు ఏం జరిగి ఉండాలి అని వెనక్కి లాగు. పండుకి ఒళ్ళంతా కళ్ళెందుకు? నీకు బోలెడు కళ్ళు రావాలే, అప్పుడైనా వస్తువులు కనబడతాయి అని వాళ్ళమ్మ తిట్టింది కాబట్టి. ఎందుకు తిట్టింది? గరిటె కనబడలేదని ఊరికే విసిగిస్తోంది. గరిటెతో దీనికేం పని? జావ కాయాలి. పొయ్యి దగ్గరకే రాని పిల్ల జావ ఎందుకు కాస్తోంది? అమ్మ జబ్బుపడి మంచం మీద ఉంది. ఇలా అడుగుతూ పోతే వరస దానంతటదే వస్తుంది, బట్టీ పట్టక్కర్లేదు. ఇంకోసారి గరిటె కార్డు దాచేసి మొత్తం కథ వాళ్ళనే చెప్పమను, ఎవడో ఒకడు అమ్మ ఊరికే ఎందుకు తిట్టిందీ అని అడ్డం పడతాడు. వాడికి పాఠం వచ్చేసినట్టే.

తాబేలు, కోతి కథ ఇంకా బాగుంటుంది. అక్కడి జాతీయ వీరుడు హోసే రిసాల్ నీలాగే వైద్యం చదివినవాడు, కంటి డాక్టరు, ఆయన ఈ కథని 1889లో లండన్ పత్రికలో ఇంగ్లీషులో వేయించాడు. అంతకుముందే పారిస్‌లో చిత్రకారుడు హువాన్ లూనా భార్య ఆల్బమ్‌లో బొమ్మల వరసగా గీశాడు కూడా. అంటే నీకు కావాల్సిన కార్డులు ఆయన ఎప్పుడో గీసి పెట్టాడన్నమాట! జులై మూడో మంగళవారం అక్కడ పిల్లల పుస్తకాల దినం జరిపేది ఈ కథ అచ్చయిన గుర్తుగానే.

ఈ కథలో ఒకటి గమనించు. అరటిచెట్టు పంచుకోవడం, కోతి ఆకులున్న పైముక్క తీసుకోవడం, అది ఎండిపోవడం, తాబేలు నాటిన మొదలు గెల వేయడం, కోతి ఎక్కి పళ్ళన్నీ తినేయడం, ఇక్కడ ఒక్కటి కూడా అటూ ఇటూ జరగదు. కానీ చివర్లో కోతి తాబేలుని రోట్లో దంచుతా, నిప్పులో వేస్తా, నీళ్ళలో పడేస్తా అని మూడు బెదిరింపులు చెప్పే పాఠం నీ దగ్గర ఉంటే, అందులో రోలూ నిప్పూ తారుమారు చేసినా కథకేం కాదు. నీళ్ళు మాత్రం ఆఖర్నే రావాలి, ఎందుకంటే తాబేలు అమ్మో నీళ్ళొద్దు అని ఏడ్చేది అక్కడే. కాబట్టి రోలు, నిప్పు తిరగేసిన పిల్లకి తప్పు పెట్టకు. ఏది జరపొచ్చు, ఏది జరపకూడదు అని వాళ్ళనే వాదించుకోనీ, గోల చేసినా పర్లేదు.

2024లో చట్టం మారాక చిన్న క్లాసుల్లో సొంత భాషలో చెప్పాలన్న నియమం పోయిందంటున్నారు, సరే, స్కూలు సంగతి స్కూలుది. శనివారాలు నీ దగ్గరికొచ్చే పిల్లలు ఇంట్లో బిసాయా మాట్లాడతారు కదా, ముందు అందులోనే ‘ఉన్యా, ఉన్యా’ (ఆ తర్వాత, ఆ తర్వాత) అంటూ చెప్పనీ. ఫిలిపినో భాషలో ‘ఉనా’ (మొదట), ‘పగ్కాతాపోస్’ (తర్వాత) అనే మాటలు ఆనక పెట్టుకోవచ్చు. ‘బాగో’, అంటే ‘ఫలానా పనికి ముందు’ అనే మాట దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్ళు. బయల్దేరే ముందు అన్నం తింది అంటే బయల్దేరడం ముందు వినబడుతుంది, జరిగేది తర్వాత. పిల్లలు విన్న వరసే జరిగిన వరస అనుకుంటారు. ఒకళ్ళని లేపి చెప్పులు వేసుకుని, కంచం పట్టుకుని నటించమను, అప్పుడు తేలిపోతుంది.

అది తేలాక మన ఏడు చేపల కథ చెప్పు. ఎండుచేపలు వాళ్ళకీ తెలిసినవే, బులాడ్ అంటారన్నావు కదా. చేపా చేపా ఎందుకు ఎండలేదూ అని మొదలుపెట్టి గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చీమ దాకా పో. మనం చెప్పేటప్పుడు చీమ చిట్టచివర వస్తుంది, నిజానికి ముందు కుట్టింది అదే! కార్డులు రెండు వరసలు పెట్టించు, పై వరస మనం చెప్పినట్టు, కింది వరస జరిగినట్టు. ఆవు బొమ్మ సరిగ్గా గియ్యి, పోయినసారి నువ్వు గీసింది అమ్మకి కుక్కలా కనబడిందట.

శనివారం అయ్యాక ఫోన్ చెయ్యి, కింది వరసలో మొదట చీమని పెట్టింది ఎవరో నాకు చెప్పాలి.

నాన్న